తోలుకు కావలసింది కొంచెమే

పాదరక్షల విషయంలో మన ధోరణి విచిత్రంగా ఉంటుంది. కొనేటప్పుడు నాలుగు దుకాణాలు తిరుగుతాం, ధర దగ్గర అరగంట బేరమాడతాం, ఇంటికి తెచ్చిన మర్నాటి నుంచి వాటి ఊసే మరచిపోతాం. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వరకు ఏ మసీదు గుమ్మం ముందు నిలిచి చూసినా ఈ సంగతి బోధపడుతుంది. మడమ భాగం అణగిపోయిన బూట్లు, బొటనవేలి దగ్గర బీటలు వారిన చెప్పులు, తెల్లటి చెమట మరకలతో బిర్రబిగిసిన పట్టీలు కనిపిస్తాయి. వీటిలో చాలావరకు అరిగిపోయి పాడైనవి కావు. అడుగు ఇంకా గట్టిగానే ఉంటుంది, పైతోలే ముందుగా చచ్చిపోయి ఉంటుంది.

ఈ అడవి అంచున తోలు బూటు విలాస వస్తువు కాదు. కిన్నెరసాని అభయారణ్యంలో తిరిగే అటవీ సిబ్బందికి, ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు గనులలో దిగే సింగరేణి కార్మికులకు, చర్ల, దుమ్ముగూడెం మార్గాలలో పల్లె పల్లెకు నడిచే ఉపాధ్యాయులకు, తపాలా ఉద్యోగులకు అది పనిముట్టు. ముల్లుకు, రాయికి, తేలుకు, పాముకు పాదానికి మధ్య ఉన్న అడ్డుగోడ అదే. మంచి తోలు బూట్ల జత ఖరీదు కూలి మనిషికి ఎన్నో రోజుల సంపాదన. అటువంటి వస్తువు ఐదారేళ్ళు నిలవవలసింది రెండేళ్ళకే మూలపడితే ఆ నష్టం ఇంటి పద్దులోనే పడుతుంది.

తోలు సంరక్షణ అనగానే బ్రష్షులు, డబ్బాలు, గంటల కొద్దీ రుద్దడం గుర్తుకు వచ్చి చాలామంది వెనుకంజ వేస్తారు. నిజానికి అంత శ్రమ అక్కరలేదు. తోలుకు మనం చేయవలసినవాటి కన్నా చేయకుండా మానవలసినవే ఎక్కువ.

చర్మం తోలుగా మారే తీరు

బ్రతికి ఉన్న జంతువు చర్మానికి కావలసిన కొవ్వును, తేమను దాని శరీరమే అందిస్తుంది. ఒలిచిన చర్మానికి ఆ ఆధారం ఉండదు. అలాగే వదిలేస్తే వేసవిలో కొన్ని గంటలలోనే కుళ్ళడం మొదలవుతుంది. ఖుర్బానీ రోజున చర్మాలు సేకరించే మదరసాల వారికి ఇది బాగా తెలుసు. ఉప్పు పట్టించడంలో ఒక్క పూట ఆలస్యమైనా ఆ చర్మం ఎందుకూ పనికిరాదు.

కుళ్ళే చర్మాన్ని కుళ్ళని తోలుగా మార్చే విద్యను మన పల్లెలలో తరతరాలుగా మాదిగ సోదరులు నిలబెట్టారు. సున్నపు నీటిలో నానవేసి వెంట్రుకలు తీసేవారు. ఆ తరువాత లందలో తంగేడు చెక్క నీటిలో రోజుల తరబడి ఊరనిచ్చేవారు. తంగేడు, తుమ్మ బెరడులలోను, కరక్కాయలోను ఉండే వగరు పదార్థం చర్మపు పోగులను పట్టి బిగిస్తుంది. నేడు తెలంగాణ రాష్ట్ర పుష్పంగా మనం గౌరవించే తంగేడు ఒకప్పుడు ఈ ప్రాంతంలో రైతు చెప్పులకు, మోటబావి తోలు తొండానికి ఆయుష్షు పోసిన చెట్టు. పందొమ్మిదవ శతాబ్దం చివర క్రోమియం లవణాలతో పదును చేసే పద్ధతి వచ్చింది. ఇప్పుడు బజారులో దొరికే బూట్ల పైతోలు ఎక్కువగా ఆ పద్ధతిలో తయారైనదే.

చనిపోయిన జంతువు చర్మం పదును చేయడంతో పరిశుద్ధమవుతుందని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించిన విషయం సహీహ్ ముస్లింలో నమోదై ఉంది. ధర్మశాస్త్ర గ్రంథాలలో దీనినే దిబాగత్ అంటారు. పారవేయదగిన దానిని పనికివచ్చేదిగా మార్చే ఈ వృత్తికి ఆ బోధలో ఎంత గౌరవం ఉందో ఆలోచించదగినది.

పదును చేసిన తరువాత తోలుకు కొంత కొవ్వు పట్టిస్తారు. పోగులు ఒకదానిపై ఒకటి జారుతూ తోలు మెత్తగా వంగేది ఆ కొవ్వు వల్లనే. వాడకంలో దుమ్ము దానిని పీల్చుకుంటుంది, నీరు కొంత కడిగివేస్తుంది, ఎండ మిగిలినది హరిస్తుంది. కొవ్వు తరిగిన పోగులు ఒరుసుకుని తెగిపోతాయి. బీట అంటే అదే. తెగిన పోగును ఏ నూనె అయినా తిరిగి అతికించలేదు. కాబట్టి బీట పడిన తరువాత చేసే సేవ కన్నా పడకముందు రాసే నాలుగు చుక్కలే విలువైనవి.

మానవలసిన మూడు అలవాట్లు

మొదటిది తడి పాదాలతో బూట్లు తొడగడం. ఇది ప్రత్యేకించి నమాజు చేసే మన ఇళ్ళలో కనిపించే అలవాటు. రోజుకు ఐదు పూటలు వుజూ చేస్తాం. కాళ్ళు కడిగిన వెంటనే నీరు కారుతూనే బూట్లలో దూరుస్తాం. ఆ తడి లోపలి అస్తరులో ఇంకి, ఆరేలోపు మరో వుజూ వస్తుంది. అస్తరు కుళ్ళుతుంది, దుర్వాసన పుడుతుంది, కుట్టుదారం నానిపోతుంది. కాలివేళ్ళ సందులలో పాచి పట్టి దురద పుడుతుంది. ఇన్ని బాధలకు విరుగుడు జేబులో ఒక చిన్న నూలు గుడ్డ. పాదాలను, ముఖ్యంగా వేళ్ళ సందులను తుడుచుకుని బూట్లు తొడిగితే చాలు. బూట్లకు మనం చేసే సేవలన్నిటిలోను ఇది సులభమైనది, ఎక్కువ ఫలితమిచ్చేది కూడా.

రెండవది మడమ తొక్కడం. మసీదు దగ్గర విడవడం, తొడగడం త్వరగా జరగాలని తాళ్ళు విప్పకుండానే వెనుక భాగాన్ని అణగదొక్కి నడుస్తాం. మడమ చుట్టూ తోలు పొరల నడుమ ఒక గట్టి అట్ట ఉంటుంది. అది ఒకసారి విరిగితే బూటు మళ్ళీ మడమను పట్టుకోదు. రోజుకు ఐదు సార్లు విప్పేవారు తాళ్ళ బూట్ల కన్నా తాళ్ళు లేనివి ఎన్నుకోవడం మేలు. తాళ్ళవే కావాలంటే వదులుగా కట్టుకుని, తొడిగేటప్పుడు చెంచా వెనుక భాగాన్ని మడమ దగ్గర ఆనించి కాలు జార్చితే సరిపోతుంది.

మూడవది తడిసిన బూట్లను ఎండలోనో పొయ్యి పక్కనో పెట్టడం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు మన పెద్దలు. కొత్తగూడెం ఎండ ఎరిగినవారికి ఆ మాట వివరించనక్కరలేదు. రోలే పగిలే ఎండలో తోలు సంగతి చెప్పాలా? చెట్టు బెరడుతో పదును చేసిన తోలు తడిగా ఉన్నప్పుడు సుమారు 75 నుంచి 85 డిగ్రీల వేడికే ముడుచుకుపోతుంది. క్రోమియం తోలు అంతకన్నా ఎక్కువ వేడిని ఓర్చుకుంటుంది గాని, దానిని అడుగుతో కలిపిన జిగురు ఓర్చుకోదు. పొయ్యి పక్కన పెడితే పైపొర ముందుగా ఆరి బిగుసుకుంటుంది, లోపలి పొర తడిగానే ఉంటుంది. ఆ లాగుడుకే బీటలు పుడతాయి. నీడలో, గాలి ఆడే చోట, రెండు రోజులు పట్టినా సరే, నెమ్మదిగా ఆరనివ్వాలి.

చేయవలసిన కొద్దిపాటి పని

నిరంతరంగా సాగే ఆచరణ కొంచెమే అయినా అల్లాహ్‌కు ప్రియమైనదని హదీసు బోధిస్తున్నది. ఆ బోధ ఆరాధనల గురించినదే అయినా ఇంటి పనులకూ దారి చూపుతుంది. సంవత్సరానికి ఒకసారి పండుగ ముందు రాత్రి గంటసేపు రుద్దడం కన్నా రోజూ అర నిమిషం తోలును ఎక్కువ కాలం నిలుపుతుంది.

రోజూ: ఇంటికి రాగానే పొడి గుడ్డతోనో పాత బ్రష్షుతోనో దుమ్ము దులపాలి. గని ప్రాంతంలో బొగ్గుపొడి, మిగిలిన చోట ఎర్రమట్టి ముడతలలో చేరి నడిచిన ప్రతిసారీ గరుకు కాగితంలా తోలును గీస్తాయి. నాలుకను బయటకు లాగి గాలి తగిలేలా ఉంచాలి. రెండు జతలు ఉన్నవారు రోజు మార్చి రోజు తొడిగితే లోపలి చెమట పూర్తిగా ఆరుతుంది. ఇలా మార్చి వాడిన రెండు జతలు, ఒకదాని తరువాత ఒకటి తెగేదాకా వాడిన రెండింటి కన్నా ఎక్కువ కాలం వస్తాయి.

వారానికి ఒకసారి: గుడ్డను తడిపి గట్టిగా పిండి, దానితో తుడవాలి. చెమట ఉప్పు మరకలు పోవడానికి ఇది చాలు. బట్టల సబ్బు, సర్ఫు వాడరాదు. అవి మురికితో పాటు తోలులోని కొవ్వునూ లాగివేస్తాయి.

సంవత్సరానికి మూడుసార్లు: మృగశిర కార్తెకు ముందు ఒకసారి, వానలు వెనుకబట్టిన అక్టోబరు చివర ఒకసారి, ఎండలు ముదరకముందు మార్చిలో ఒకసారి కొవ్వు పట్టించాలి. ఈ పని మొత్తం పావుగంటకు మించదు.

ఏ నూనె, ఎంత నూనె?

మన పల్లెలలో కొత్త కిర్రు చెప్పులకు ఆముదం రాసి, మెత్తబడ్డాక తొడగడం పాత అలవాటు. అది తెలివైన అలవాటే. ఆముదం గాలికి ఆరి గట్టిపడే నూనె కాదు, పోగుల మధ్య చాలాకాలం నిలుస్తుంది. అవిసె నూనె వంటివి ఆరి బిగుసుకుంటాయి కాబట్టి తోలుకు తగవు. వంటింటి నూనెలు కొన్నాళ్ళకు కంపు కొట్టి ఎలుకలను, బొద్దింకలను పిలుస్తాయి. పాయా వండినప్పుడు పైకి తేలే కొవ్వును కొందరు బూట్లకు రాస్తుంటారు. పశువుల కాళ్ళ నుంచి తీసే కొవ్వుకు తోలును మెత్తపరిచే గుణం ఉన్న మాట నిజమే, శుద్ధి చేసిన అటువంటి నూనెను తోలు పరిశ్రమ చాలాకాలంగా వాడుతున్నది. అయితే ఉప్పు, మసాలా కలిసిన కూర కొవ్వు బూజుకు విందు భోజనమే అవుతుంది.

అడవి అంచున ఉన్నవారికి మరొక సౌకర్యం ఉంది. తేనె పిండగా మిగిలే మైనం సంతలో దొరుకుతుంది. ఒక వంతు తేనెమైనం, నాలుగు వంతుల ఆముదం తీసుకుని, మరిగే నీటి గిన్నెలో మరో చిన్న గిన్నె నిలిపి అందులో కరిగించాలి. నేరుగా మంట మీద పెడితే అంటుకునే ప్రమాదం ఉంది. చల్లారిన తరువాత అది లేపనంలా గట్టిపడుతుంది. ఆముదం తోలును మెత్తపరుస్తుంది, మైనం వాననీటిని కొంత అడ్డుకుంటుంది. గుడ్డతో గోరంత తీసుకుని పలుచగా రుద్ది, ఒక రాత్రి ఉంచి, ఉదయం పొడి గుడ్డతో మిగులును తుడిచివేయాలి.

ఇక్కడ అతి పనికిరాదు. నూనె కారేలా రాస్తే తోలు సాగి ఆకారం చెడుతుంది, కుట్లు వదులవుతాయి, అడుగు జిగురు ఊడుతుంది. లేతరంగు తోలు నూనెకు నల్లబడుతుంది కనుక ముందు లోపలి అంచున ఒక చుక్కతో పరీక్షించాలి. నూగు ఉన్న తోలుకు నూనె అసలే రాయకూడదు. బజారులో దొరికే డబ్బా పాలిష్ ప్రధానంగా మైనం. అది మెరుపును, కొంత రక్షణను ఇస్తుంది గాని ఎండిన తోలు ఆకలి తీర్చదు. స్పాంజి మూతతో వచ్చే ద్రవ పాలిష్ పైన పొరగా పేరుకుని చివరికి పెచ్చులుగా లేస్తుంది.

పంది చర్మం విషయంలోనూ మన పాఠకులకు సందేహం కలుగుతుంటుంది. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం పంది చర్మం పదును చేసినా పరిశుద్ధం కాదు. కొన్ని బూట్లలో, ముఖ్యంగా లోపలి అస్తరుగా, దానిని వాడుతారు. వెలుతురులో దగ్గరగా చూస్తే వెంట్రుక రంధ్రాలు మూడేసి చొప్పున చిన్న త్రిభుజాలుగా కనిపించడం దాని గుర్తు. కొనేముందు అస్తరును పరిశీలించడం, దుకాణదారుని అడగడం మంచిది.

వానాకాలం, వరద కాలం

గోదావరి ఒడ్డున వానాకాలం అంటే ఏమిటో 2022 జూలై మరోసారి గుర్తుచేసింది. భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారన్నది గమనిస్తే ఆ వరద తీవ్రత తెలుస్తుంది. అటువంటి రోజులలో ప్రాణం, పత్రాలు, ధాన్యం ముందు. నీరు తీసిన తరువాత బురదలో దొరికిన బూట్లను మాత్రం ఇక పనికిరావని వెంటనే పారవేయనక్కరలేదు.

బురద పట్టిన తోలును ఆరనివ్వకుండా ముందు మంచినీటితో కడగాలి. ఒండ్రు ఎండితే తోలులోని తేమను, కొవ్వును తనలోకి లాక్కుంటుంది. తరువాత లోపల ఏదైనా కుక్కి ఆకారం నిలపాలి. దీనికి చాలామంది వార్తాపత్రికలు వాడుతారు. ఉర్దూ పత్రికలో ఖుర్ఆన్ వచనాలు, తెలుగు పత్రికలో సైతం దైవనామం ఉండవచ్చు. వాటిని పాదరక్షలలో కుక్కడం మర్యాద కాదు. ఎండు వరిగడ్డి, పాత నూలు గుడ్డలు కూడా తడిని పీల్చుతాయి. పూటపూటకు మార్చుతూ నీడలో ఆరబెట్టి, ఇంకా కొద్దిపాటి చెమ్మ ఉండగానే పలుచగా లేపనం రాయాలి. పూర్తిగా బిగిసిన తరువాత రాస్తే అంత లోతుకు దిగదు.

గాలిలో తేమ 70 శాతం దాటితే తోలుపై బూజు పెరుగుతుంది. పండుగకు దాచిన బూట్లను ప్లాస్టిక్ సంచిలో మూటగట్టడం బూజుకు ఇల్లు కట్టి ఇవ్వడమే. నూలు సంచిలో వేసి, నేలకు ఎత్తుగా, గోడకు ఎడంగా ఉంచాలి. బూజు పడితే ఇంటి బయట బ్రష్షుతో దులిపి, సిర్కా, నీళ్ళు సమపాళ్ళలో కలిపి గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాలి. కొన్ని బూట్ల అడుగులు పాలీయురేథేన్ అనే పదార్థంతో చేస్తారు. వాడకుండా దాచినా తేమకు కొన్నేళ్ళలో అది పొడిగా రాలిపోతుంది. దానికి మందు లేదు. అటువంటి బూట్లను పదిలంగా దాచడం కన్నా తొడిగి వాడుకోవడమే లాభం.

ఈ ప్రాంతంలో ప్రతి ఉదయం బూట్లను తలకిందులుగా దులిపి తొడగడం అందరికీ అలవాటు కావాలి. చీకటిగా, వెచ్చగా ఉండే బూటు తేలుకు ఇష్టమైన నివాసం.

పాదం సంగతి మరవవద్దు

చర్మపు మేజోళ్ళపై మస్‌హ్ చేసుకునే సౌలభ్యం స్థానికునికి ఒక పగలు, ఒక రాత్రి, ప్రయాణికునికి మూడు పగళ్ళు, మూడు రాత్రులు ఉందని ఎరుగుదుము. హనఫీ విధానంలో మేజోడు మూడు చిన్న కాలివేళ్ళంత మేర చిరిగితే ఆ సౌలభ్యం చెల్లదు. చలికాలం ముందు మేజోళ్ళను తీసి, మడతల దగ్గర పరీక్షించి, కొద్దిగా లేపనం రాసిపెట్టుకోవాలి. మడిచి పెట్టెలో పడవేసిన మేజోడు ముందుగా చిరిగేది ఆ మడత దగ్గరే.

మధుమేహం ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం. వారి పాదాలకు స్పర్శ తగ్గుతుంది. బిర్రబిగిసిన తోలు అంచు ఒరుసుకుని పుండు చేసినా తెలియదు. ఆ పుండు ముదిరి వేలును, కొన్నిసార్లు పాదాన్నే తొలగించవలసి వస్తుంది. ఇంట్లో అమ్మకో నాన్నకో ఈ జబ్బు ఉంటే వారి బూట్లలో రోజూ చేయి పెట్టి తడిమి చూడటం పిల్లలకు అప్పగించాలి. రాయి, మేకు మొన, ఊడిన అస్తరు, గట్టిపడిన మడత ఏది తగిలినా సరిచేసిన తరువాతే తొడగనివ్వాలి. పెద్దల పాదాలకు పుత్రులు, పుత్రికలు చేయగల సేవ ఇంతకన్నా సులభమైనది అరుదు.

దైవప్రవక్త (స) తమ చెప్పులను తామే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. మంచి దుస్తులు, మంచి పాదరక్షలు కోరుకోవడం అహంకారం కాదని కూడా హదీసులో ఉంది. ఈ రెంటినీ కలిపి చూస్తే శుభ్రంగా ఉంచుకోవడంలోను, స్వయంగా బాగుచేసుకోవడంలోను ఏ చిన్నతనమూ లేదని అర్థమవుతుంది. మన చేతకాని పనికి బస్టాండు పక్కన ఆరె, రంపె ముందు పెట్టుకుని కూర్చున్న సోదరుడు ఉన్నాడు. కుట్టు ఒక్కటి విడినప్పుడే అతని దగ్గరకు వెళితే చిన్న ఖర్చుతో పోతుంది, పది విడిన తరువాత వెళితే అతనూ చేతులెత్తేస్తాడు. అడిగిన నాలుగు రూపాయల దగ్గర అతనితో బేరమాడకండి.

పిల్లల పాదాలు ఏడాదికి ఒక కొలత పెరుగుతుంటాయి. బాగా చూసుకున్న బూట్లు వారికి బిగుతయ్యే నాటికి ఇంకా మంచి స్థితిలోనే ఉంటాయి. వాటిని తుడిచి, లేపనం రాసి, కొత్త తాళ్ళు వేసి, జూన్‌లో బడులు తెరిచే ముందు అవసరమున్న పిల్లవానికి అందజేయండి. ఇతరులకు ఇచ్చేది మనం తొడగదగినదై ఉండాలి. పాడైపోయినదాన్ని వదిలించుకోవడం దానం కాదు.